టింబుల్‌స్లోకో: సెమరాంగ్ పక్కనే సముద్రంలో మిగిలిన ముస్లిం పల్లె

ఇండోనేషియాలోని జావా ద్వీపం ఉత్తర తీరంలో, సెమరాంగ్ మహానగరానికి తూర్పున ఉన్న పల్లె టింబుల్‌స్లోకో. మధ్య జావా రాష్ట్రం, దెమాక్ జిల్లా, సాయుంగ్ మండలం కిందకు వస్తుంది. 30 ఏళ్ల క్రితం ఇక్కడ వరి పొలాలు, కొబ్బరి చెట్లు, చేపల చెరువులు ఉండేవి. ఇప్పుడు ఊళ్లో సముద్రానికి దగ్గరగా ఉన్న భాగంలో ఇళ్ల చుట్టూ సముద్రపు నీరే. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లాలంటే చెక్కలతో కట్టిన వంతెన బాటలే దారి. పోటు ఎక్కువైతే ఆ బాటలు కూడా తడుస్తాయి.

ఇండోనేషియా మునిగిపోతోంది అనగానే అందరూ జకార్తా పేరు చెబుతారు. రాజధానిని బోర్నియో ద్వీపానికి మార్చాలనుకోవడానికి చెప్పిన కారణాల్లో అదీ ఒకటి. కానీ అంతకన్నా వేగంగా కుంగుతున్న నేలలు జావా తీరంలో ఇంకా ఉన్నాయి. వాటిలో సెమరాంగ్-దెమాక్ తీరం ముందు వరసలో ఉంది. టింబుల్‌స్లోకో కథ తెలిస్తే ఆ తీరం కథ మొత్తం తెలిసినట్టే.

ఎక్కడుంది?

సెమరాంగ్ మధ్య జావా రాష్ట్ర రాజధాని. 2020 జనగణన ప్రకారం నగర జనాభా 16 లక్షల 50 వేలకు పైనే. చుట్టుపక్కల జిల్లాలను కలిపి ‘కెడుంగ్‌సెపుర్’ అంటారు. కెండాల్, దెమాక్, ఉంగారన్, సెమరాంగ్, సలాతిగా, పుర్వోదాది అనే ఆరు ఊళ్ల పేర్ల ముక్కలు కలిపి పెట్టిన పేరు ఇది. ఈ ప్రాంతంలో దాదాపు 60 లక్షల మంది ఉంటారు.

నగరం తూర్పు అంచున గెనుక్ పారిశ్రామిక ప్రాంతం ఉంటుంది. అది దాటగానే దెమాక్ జిల్లా మొదలు. మొదట వచ్చే మండలం సాయుంగ్. ‘పంతురా’ అని పిలిచే ఉత్తర తీర రహదారి దీని మీదుగానే పోతుంది. 1808లో డచ్ గవర్నర్ జనరల్ డేండెల్స్ మొదలుపెట్టించిన పెద్ద తపాలా రోడ్డు దారి కూడా ఇదే. ఈ రోడ్డుకు ఉత్తరం పక్కన, సముద్రం వైపు శ్రీవులన్, బెదోనో, టింబుల్‌స్లోకో, సురోదాది వంటి పల్లెలు వరసగా ఉంటాయి. రోడ్డు దగ్గర ఫ్యాక్టరీలు, లారీలు, దుకాణాలు. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లు లోపలికి వెళితే నీళ్లు. ఈ రెండు లోకాల మధ్య దూరం అంతే.

‘టింబుల్’ అంటే ఇండోనేషియా భాషలో పైకి తేలడం, కనిపించడం. ఆ పేరున్న ఊరే ఇప్పుడు కిందకు దిగిపోతోంది.

దెమాక్ అంటే ఏమిటి?

ఈ ఊరి గురించి చెప్పేముందు దెమాక్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. జావా ద్వీపంలో మొదటి ముస్లిం రాజ్యం ఇక్కడే పుట్టింది. 15వ శతాబ్దం చివర్లో రాదెన్ పతాహ్ మొదటి సుల్తాన్ అయ్యాడు. ఈ రాజ్యానికి నౌకాబలం ఉండేది. 1513లో పాతి ఉనుస్ నాయకత్వంలో ఓడలు వెళ్లి మలక్కాలో ఉన్న పోర్చుగీసు వారి మీద దాడి చేశాయి. గెలవలేదు కానీ, ఆ రోజుల్లో అంత దూరం సైన్యాన్ని పంపగలిగిన రేవు రాజ్యం ఇది.

దెమాక్ పట్టణంలోని జామా మసీదు ఇప్పటికీ నిలిచి ఉంది. గుమ్మటం ఉండదు. మూడు అంతస్తులుగా పైకి సన్నబడుతూ పోయే చెక్క కప్పు ఉంటుంది. లోపల నాలుగు పెద్ద స్తంభాలు ఉన్నాయి. అందులో ఒకటి చెక్క ముక్కలను కలిపి కట్టినదని, దాన్ని సునన్ కాలిజాగా చేశారని జనం చెప్పుకుంటారు. జావాలో ఇస్లాంను పరిచయం చేసిన తొమ్మిది మంది ఔలియాలను ‘వాలి సోంగో’ అంటారు. వారిలో సునన్ కాలిజాగా ఒకరు. ఆయన మజార్ దెమాక్ పక్కనే కడిలంగులో ఉంది. అందుకే దెమాక్‌ను ‘వాలీల నగరం’ అంటారు. బక్రీద్ సమయంలో జరిగే ‘గ్రెబెగ్ బెసార్’ ఉత్సవానికి దూరం నుంచి జనం వస్తారు.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. దెమాక్ ఒకప్పుడు సముద్రం ఒడ్డున ఉండేది. దానికి ఎదురుగా ఉన్న మురియా పర్వతం అప్పట్లో వేరే ద్వీపం. మధ్యలో సన్నటి జలసంధి. నదులు తెచ్చిన బురదతో శతాబ్దాల పాటు ఆ జలసంధి పూడిపోయి భూమి అయింది. రేవు కాస్తా లోతట్టు పట్టణంగా మారింది. అంటే ఈ ప్రాంతంలో నేల చాలా కొత్తది, మెత్తటి బురద నేల. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పాలన ఎలా ఉంటుంది?

మన గ్రామ పంచాయతీ లాంటిదే అక్కడి ‘దెసా’. దాని కింద ‘దుసున్’ లేదా ‘దుకుహ్’ అని పిలిచే చిన్న వాడలు ఉంటాయి. టింబుల్‌స్లోకో దెసాలో అలాంటి వాడలు కొన్ని ఉన్నాయి. వార్తల్లో ఎక్కువగా కనిపించేది అదే పేరుతో ఉన్న, సముద్రానికి దగ్గరి వాడ. రోడ్డు వైపు ఉన్న వాడల పరిస్థితి కొంత నయం.

దెసా పెద్దను ‘కెపాలా దెసా’ అంటారు. ఊరి జనమే ఓటేసి ఎన్నుకుంటారు. 2014లో వచ్చిన గ్రామ చట్టం తర్వాత కేంద్రం నుంచి ‘దానా దెసా’ పేరుతో నిధులు నేరుగా గ్రామాలకు వస్తున్నాయి. 2024లో ఆ చట్టాన్ని సవరించి గ్రామ పెద్ద పదవీకాలాన్ని ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్లకు పెంచారు. మామూలు ఊళ్లలో ఈ డబ్బుతో రోడ్లు, కాలువలు వేసుకుంటారు. ఇక్కడ వేసిన రోడ్డే కొన్నేళ్లకు నీళ్లలోకి దిగిపోతుంది. మళ్లీ ఎత్తు చేయాలి. పద్దులో అభివృద్ధి అని రాసుకున్నా, నిజానికి ఉన్నది నిలుపుకునే ఖర్చే అది.

ఒకప్పటి బతుకు తెరువు

1980ల వరకు ఇక్కడ వ్యవసాయం ఉండేది. వరి, కొబ్బరి, మిరప, ఉల్లి పండేవని పెద్దవాళ్లు గుర్తు చేసుకుంటారు. తీరం అంచున మడ అడవులు ఉండేవి. 1980లలో ప్రపంచ మార్కెట్‌లో టైగర్ రొయ్యకు గిరాకీ పెరిగింది. జావా ఉత్తర తీరం మొత్తం ‘తంబాక్’లు, అంటే ఉప్పునీటి చెరువులు తవ్వారు. మన గోదావరి జిల్లాల్లో రొయ్యల చెరువులు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చెరువుల కోసం మడ చెట్లు నరికేశారు.

కొన్నాళ్లు డబ్బు బాగా వచ్చింది. తర్వాత రొయ్యలకు రోగాలు వచ్చాయి. చాలామంది మళ్లీ ‘బందెంగ్’ చేపకు మారారు. మన వైపు పాలబొంత అంటాం. సెమరాంగ్‌లో ఈ చేపను ప్రెషర్‌లో ముళ్లు మెత్తబడేదాకా ఉడికించి అమ్ముతారు. ‘బందెంగ్ ప్రెస్తో’ అంటే ఆ నగరానికి గుర్తింపు. ఊరికి వెళ్లిన చుట్టాలు తిరిగొచ్చేటప్పుడు పెట్టెలు పెట్టెలు తెచ్చుకుంటారు.

సముద్రం ముందుకు వచ్చాక ఆ చెరువుల గట్లు ఒక్కొక్కటిగా తెగిపోయాయి. చెరువు, సముద్రం ఒక్కటయ్యాయి. గట్టు పోయాక లోపల వేసిన చేప పిల్లలు మనవని చెప్పుకోవడానికి ఏముంటుంది?

సముద్రం ఎందుకు వచ్చింది?

చాలామంది ‘గ్లోబల్ వార్మింగ్’ అని ఒక్క మాటలో చెప్పేస్తారు. అది నిజమే కానీ మొత్తం నిజం కాదు. ఒక చిన్న లెక్క చూద్దాం.

ప్రపంచ సముద్ర మట్టం ఏడాదికి సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. పదేళ్లకు 4 సెంటీమీటర్లు. కానీ సెమరాంగ్ తూర్పు భాగంలో, సాయుంగ్ తీరంలో కొన్నిచోట్ల నేల ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా కుంగుతోంది. పదేళ్లకు ఒక మీటరు. అంటే నీరు పైకి వచ్చిన దానికన్నా నేల కిందకు పోయింది 25 రెట్లు ఎక్కువ. జావా సముద్రంలో పోటు పాటుల మధ్య తేడా మీటరు లోపే ఉంటుంది. అంత తక్కువ తేడా ఉన్న చోట నేల మీటరు దిగితే, ఒకప్పుడు ఎప్పుడూ తడవని ఇల్లు రోజూ తడిసే ఇల్లవుతుంది.

నేల కుంగడానికి కారణాలు కొన్ని:

మొదటిది, నేల స్వభావం. ముందు చెప్పుకున్నట్టు ఇది కొత్త బురద నేల. దానంతట అదే అణిగిపోతూ ఉంటుంది.

రెండోది, భూగర్భ జలం. నగరంలోని పరిశ్రమలు, హోటళ్లు, కాలనీలు లోతైన బోర్ల నుంచి నీళ్లు తోడుతున్నాయి. నీళ్లు పోయిన చోట మట్టి పొరలు దగ్గరకు నొక్కుకుపోతాయి. ఒకసారి అలా నొక్కుకుపోయిన బంకమట్టి మళ్లీ ఉబ్బి మునుపటి ఎత్తుకు రాదు. ఈ తీర పల్లెల్లో జనం తాగేది కూడా ఎక్కువగా బోరు నీళ్లే. పైప్‌లైన్ నీళ్లు రాకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

మూడోది, బరువు. ఫ్యాక్టరీలు, గోదాములు, రోడ్లు ఆ మెత్తటి నేల మీదే లేచాయి.

నాలుగోది, మడ అడవులు పోవడం. మడ చెట్ల వేళ్లు బురదను పట్టి ఉంచుతాయి, అలల జోరు తగ్గిస్తాయి. అవి లేకపోయాక అల నేరుగా గట్టును కొడుతుంది.

ఐదోది, తీరంలో కట్టిన కట్టడాలు. సెమరాంగ్‌లో తంజుంగ్ ఎమాస్ రేవు ఉంది. సముద్రంలోకి చొచ్చుకుపోయే కట్టడాలు, పూడ్చిన నేలలు నీటి ప్రవాహాన్ని, ఇసుక, బురద కదలికను మార్చేశాయి. తూర్పు తీరానికి చేరాల్సిన బురద చేరడం తగ్గింది.

వీటన్నింటి మీద సముద్ర మట్టం పెరగడం కలిసింది. పోటు వల్ల వచ్చే ముంపును జావాలో ‘రోబ్’ అంటారు. వాన లేకపోయినా, ఎండ కాస్తున్నా రోబ్ వస్తుంది. మే, జూన్ నెలల్లో ఎక్కువ. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పడమటి గాలులతో అలలు పెద్దవవుతాయి. 2022 మే 23న తంజుంగ్ ఎమాస్ రేవు దగ్గర కట్ట తెగి ఫ్యాక్టరీల్లోకి నీళ్లు దూసుకొచ్చాయి. కార్మికులు నడుం లోతు నీళ్లలో బయటకు నడిచి వచ్చారు. ఆ రోజు నగరం గుర్తించిన సమస్య సాయుంగ్ పల్లెలకు అప్పటికే 20 ఏళ్ల పాతది.

పక్క ఊరు బెదోనోలో ఏం జరిగింది?

టింబుల్‌స్లోకో కన్నా ముందు పక్కనున్న బెదోనో దెబ్బతిన్నది. ఆ ఊరిలోని తంబాక్‌సారి, సెనిక్ అనే వాడలను సముద్రం మింగేసింది. 1999లో ఒక వాడ వారిని, 2006లో ఇంకో వాడ వారిని వేరే చోటకు తరలించారు. వెళ్లకుండా ఉండిపోయిన కొద్ది కుటుంబాలు చుట్టూ మడ చెట్లు నాటుకుని బతుకుతున్నాయి.

తంబాక్‌సారిలో షేక్ అబ్దుల్లా ముజాకిర్ అనే ఆలిమ్ మజార్ ఉంది. చుట్టూ వాడ మునిగిపోయినా మజార్ మాత్రం నీటి మధ్య నిలిచే ఉంది. జియారత్ కోసం జనం పడవల్లో, మడ చెట్ల మధ్య వేసిన బాట మీదుగా వస్తూనే ఉంటారు. వచ్చేవారిని నమ్ముకుని చిన్న దుకాణాలు, పడవలు నడుస్తున్నాయి.

ఇళ్లు: కిందనుంచి పైకి పెరిగే నేల

టింబుల్‌స్లోకోలో ఒక్కో ఇల్లు చూస్తే దాని వయసు, అది పడిన కష్టం తెలిసిపోతుంది. నీళ్లు మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు మట్టి కొని ఇంట్లో పోసి నేలను ఎత్తు చేశారు. కొన్నేళ్లకు ఆ ఎత్తు కూడా సరిపోలేదు. మళ్లీ మట్టి. ఇలా రెండు మూడుసార్లు చేసిన ఇళ్లలో కప్పు అక్కడే ఉంది, నేల మాత్రం పైకి వచ్చింది. కిటికీలు మోకాళ్ల దగ్గరకు వచ్చాయి. గుమ్మంలోంచి వంగి లోపలికి వెళ్లాలి. లోపల కూడా కొందరు తల వంచుకునే నడవాలి.

మట్టి తెచ్చే లారీ రాలేని స్థితి వచ్చాక చెక్కల నేల వేసుకున్నారు. స్తంభాల మీద పలకలు పరిచి, కింద నీళ్లు వచ్చి పోయేలా చేస్తారు. మట్టి కన్నా చవక, ఎత్తు చేయడం తేలిక. కానీ ఉప్పు నీటిలో చెక్క ఎక్కువ కాలం నిలవదు. మోటార్ సైకిళ్లను ఊరి బయట ఎత్తైన చోట వదిలి ఇంటికి నడిచో, పడవలోనో వస్తారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇల్లు అంటే మనం ఆస్తి అనుకుంటాం. ఏటేటా విలువ పెరుగుతుందని లెక్కేసుకుంటాం. ఇక్కడ ఇల్లు ప్రతి కొన్నేళ్లకు డబ్బు అడిగే ఖర్చు. అమ్ముదామంటే కొనేవాళ్లు ఉండరు. బ్యాంకులో తాకట్టు పెడదామంటే నీళ్లలో ఉన్న స్థలానికి అప్పు పుట్టదు. వేరే చోట స్థలం కొనాలంటే చేతిలో ఆ డబ్బు లేదు. డబ్బున్నవాళ్లు ముందే వెళ్లిపోయారు. ‘వాళ్లు ఎందుకు వెళ్లిపోరు?’ అని అడిగేవారికి జవాబు ఇదే. ఉండాలన్న ఇష్టం కొంత, వెళ్లే దారి లేకపోవడం చాలావరకు.

నమాజ్, జనాజా, ఖబరస్థాన్

ఊరు మొత్తం ముస్లింలే అనుకోవచ్చు. దెమాక్ తీరంలో నహ్దతుల్ ఉలమా సంప్రదాయం బలంగా ఉంది. ఎవరైనా చనిపోతే వరసగా రాత్రులు ఇంట్లో కూర్చుని ‘తహ్లీల్’ చదువుతారు. ఆడవాళ్ల, మగవాళ్ల ఖురాన్ సభలు వేర్వేరుగా జరుగుతాయి. నీళ్లు వచ్చాక ఇవేవీ ఆగలేదు. మసీదు నేలను కూడా ఇళ్లలాగే ఎత్తు చేస్తూ వచ్చారు. పిల్లలు చెక్క బాట మీదుగానే బడికి, సాయంత్రం ఖురాన్ చదువుకు వెళతారు.

ఎక్కువ బాధ పెట్టేది ఖబరస్థాన్ సంగతి. పోటు వస్తే పాత సమాధులు నీళ్లలో మునిగేవి. కొత్త ఖబర్ తవ్వితే గుంటలో నీళ్లు ఊరేవి. నీరు తగ్గే వేళ చూసుకుని ఖననం చేయాల్సి వచ్చేది. జనాజాను తొందరగా ముగించాలన్నది మనందరికీ తెలిసిన నియమం. ఇక్కడ ఆ తొందర సముద్రం ఒప్పుకుంటేనే సాగుతుంది. చివరికి ఊరివాళ్లు కలిసి మట్టి పోసి ఖబరస్థాన్‌ను ఎత్తు చేసుకున్నారు. ఊరు విడిచి వెళ్లిపోయినవారు కూడా తమ పెద్దల ఖబర్ల కోసం తిరిగి వస్తుంటారు. చాలామంది ఇక్కడే ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు ఏం చేసి బతుకుతున్నారు?

రైతులుగా ఉన్నవాళ్లు మత్స్యకారులయ్యారు. కొందరు వలలు, వెదురు బుట్టలతో పీతలు, రొయ్యలు పడతారు. కొందరు ఆకుపచ్చ ఆల్చిప్పలు పెంచుతారు. నీళ్లలో వెదురు పాతితే వాటికి ఆల్చిప్పలు పట్టుకుని పెరుగుతాయి. ఒకప్పుడు వరి పండిన చోటే ఇది జరుగుతోంది. ఆడవాళ్లు ఆల్చిప్పలు ఒలవడం, చేపలు ఎండబెట్టడం, అమ్మడం చేస్తారు.

యువత ఎక్కువగా సాయుంగ్, గెనుక్, సెమరాంగ్ ఫ్యాక్టరీల్లో పనిచేస్తుంది. నగరం దగ్గరగా ఉండడం వల్లే ఈ ఊరు పూర్తిగా ఖాళీ కాలేదు. అలాగే నగరం దగ్గరగా ఉండడం వల్లే ఊరు మునిగింది. నీళ్లు తోడే ఫ్యాక్టరీలోనే ఊరి పిల్లలకు జీతం వస్తుంది. అందుకే బోర్లు మూసేయండి అని ఒక్క మాటలో చెప్పడం ఇక్కడివారికి అంత సులువు కాదు.

వెదురు గోడలతో చేసిన ప్రయత్నం

ఈ తీరం ప్రపంచానికి తెలియడానికి ముంపు ఒక్కటే కారణం కాదు. ఇక్కడ చేసిన ఒక ప్రయోగం కూడా కారణం. ఇండోనేషియా సముద్ర, మత్స్య శాఖ, వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్ సంస్థ, నెదర్లాండ్స్ నిపుణులు కలిసి ‘బిల్డింగ్ విత్ నేచర్’ అనే కార్యక్రమాన్ని దెమాక్ తీరంలో 2015 నుంచి 2021 వరకు నడిపారు. దాదాపు 20 కిలోమీటర్ల తీరం దాని పరిధి.

పద్ధతి ఇది. కాంక్రీటు గోడ కడితే అల దాన్ని కొట్టి తిరిగి వెళ్లేటప్పుడు గోడ కింద బురదను తవ్వేస్తుంది. అందుకే నీళ్లు దాటగలిగే గోడ కట్టారు. రెండు వరసలుగా గుంజలు పాతి, మధ్యలో కొమ్మలు, రెల్లు కట్టలు కుక్కారు. అల వస్తే జోరు తగ్గుతుంది, నీళ్లు లోపలికి పోతాయి, నీళ్లతో వచ్చిన బురద లోపల నిలుస్తుంది. బురద ఎత్తు పెరిగాక మడ మొక్కలు వాటంతట అవే మొలుస్తాయి. నాటక్కర్లేదు. చెరువుల రైతులకు తీర పాఠశాలలు పెట్టి, తక్కువ రసాయనాలతో చేపలు, రొయ్యలు పెంచడం నేర్పారు. కాలువ పక్కన చెరువులో కొంత భాగం మడ చెట్లకు వదిలే పద్ధతి తెచ్చారు.

ఫలితం మిశ్రమం. కొన్నిచోట్ల బురద నిలిచింది, మడ మొక్కలు వచ్చాయి, చెరువుల దిగుబడి పెరిగింది. 2022 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి దీన్ని ప్రపంచంలోని 10 ఆదర్శ పునరుద్ధరణ కార్యక్రమాల్లో ఒకటిగా గుర్తించింది. కానీ గుంజలను ఓడపురుగు తినేసింది. ఇంకా పెద్ద సమస్య నేల కుంగడం. బురద పోగయ్యే వేగం కన్నా నేల దిగే వేగం ఎక్కువున్న చోట గోడలే నీళ్లలోకి దిగిపోయాయి. భూగర్భ జలం తోడడం ఆపకపోతే మడ అడవి ఒక్కటే ఊరిని కాపాడలేదని కార్యక్రమం నడిపినవారే చెప్పారు. ఈ మొత్తం ప్రయత్నంలో నేర్చుకోవాల్సిన పాఠం ఇదే.

టోల్ రోడ్డు, సముద్రపు గోడ

ప్రభుత్వం ఎంచుకున్న పెద్ద పరిష్కారం సెమరాంగ్-దెమాక్ టోల్ రోడ్డు. మొత్తం దాదాపు 27 కిలోమీటర్లు. సాయుంగ్ నుంచి దెమాక్ వరకు ఉన్న రెండో భాగాన్ని 2023 ఫిబ్రవరిలో అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో ప్రారంభించారు. సెమరాంగ్‌లోని కాలిగావె నుంచి సాయుంగ్ వరకు ఉన్న మొదటి భాగం దాదాపు 10 కిలోమీటర్లు. ఇది సముద్రం మీదుగా పోతుంది. రోడ్డే సముద్రపు గోడగా పనిచేస్తుంది. మెత్తటి నేల మీద నిలవడానికి లక్షల కొద్దీ వెదురు బొంగులను చాపలుగా పరిచి వాటి మీద కట్ట వేస్తున్నారు. లోపలి నీళ్లు నిలపడానికి తెర్బోయో, శ్రీవులన్ వద్ద పెద్ద చెరువులు. ఈ భాగాన్ని 2027లో పూర్తి చేయాలన్నది లక్ష్యం.

గోడకు లోపల ఉండే నగర ప్రాంతాలకు, ఫ్యాక్టరీలకు మేలు. మరి గోడకు బయట మిగిలే ఊళ్ల సంగతి? అక్కడికి నీరు ఇంకా ఎక్కువ వస్తుందని పర్యావరణ సంఘాలు, తీరం జనం భయపడుతున్నారు. 2025లో అధ్యక్షుడు ప్రబోవో సుబియాంతో జావా ఉత్తర తీరం పొడవునా వందల కిలోమీటర్ల మహా గోడ కట్టాలని, దానికి 8,000 కోట్ల డాలర్లు కావాలని చెప్పారు. దానికి ప్రత్యేక సంస్థ కూడా పెట్టారు. అది పూర్తవడానికి ఏళ్లు కాదు, దశాబ్దాలు పడుతుంది. టింబుల్‌స్లోకోలో నేల అంతకాలం ఆగదు.

భూమి పోతే పట్టా ఏమవుతుంది?

అన్నింటికన్నా పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. 1960 నాటి ఇండోనేషియా భూమి చట్టం 27వ సెక్షన్ ప్రకారం భూమి ‘నశించిపోతే’ దాని మీద యజమాని హక్కు కూడా పోతుంది. ఇలాంటి భూమిని ‘తానా ముస్నా’ అంటారు, అంటే నాశనమైన నేల. పట్టా కాగితం బీరువాలో ఉన్నా, దాని మీద రాసిన పొలం నీళ్లలో ఉంటే హక్కు ప్రశ్నార్థకమే.

టోల్ రోడ్డు భూసేకరణలో ఇది పెద్ద గొడవ అయింది. మునిగిన చెరువులు, పొలాల యజమానులు మాకూ పరిహారం ఇవ్వాలన్నారు. ఆ భూమి నాశనమైంది కాబట్టి మామూలు పరిహారం రాదని అధికారులన్నారు. చివరకు 2022లో, మళ్లీ 2023లో అధ్యక్షుడి ఉత్తర్వులు వచ్చాయి. ప్రభుత్వ ప్రాజెక్టుల కోసం తీసుకునే ‘నాశనమైన’ భూములకు ‘దానా కెరోహిమాన్’ ఇస్తారు. కెరోహిమాన్ అనే మాట మన రహీమ్, రహమ్ అనే మాటల కుటుంబంలోదే. దయతో ఇచ్చే సొమ్ము అని అర్థం. పూర్తి ధర కాదు, అందులో కొంత భాగం. హక్కుగా రావాల్సింది దయగా మారింది.

అది కూడా ప్రాజెక్టు గీతలో పడిన భూమికే. ప్రాజెక్టు గీతకు బయట మునిగిపోయిన ఊరికి, టింబుల్‌స్లోకో లాంటి చోట ఇల్లు పోగొట్టుకున్నవారికి ఆ దారి లేదు. వాళ్లు అడుగుతున్నది రెండే. తరలిస్తే ఇంటితో పాటు పని దొరికే చోటికి తరలించండి. ఉంచితే పోటు రాని ఎత్తుకు ఊరిని లేపండి. రెండింటిలో ఏదీ పూర్తిగా జరగకపోవడం వల్ల వాళ్లు ఏటేటా తమ డబ్బుతోనే నేలను ఎత్తు చేసుకుంటున్నారు.

చేరుకోవడం ఎలా?

జకార్తా నుంచి సెమరాంగ్‌కు రైలులో ఐదారు గంటలు. సెమరాంగ్ రైల్వేకు కూడా చరిత్ర ఉంది. ఇండోనేషియాలో మొదటి రైలు మార్గం 1867లో సెమరాంగ్ నుంచి తంగుంగ్ వరకు మొదలైంది. ఇప్పుడు ఆ నగరంలోని తవాంగ్ స్టేషన్ ప్రాంతమే రోబ్ నీళ్లతో కుస్తీ పడుతుంటుంది. నగరం నుంచి దెమాక్ వైపు రోడ్డు మీద వెళ్లి సాయుంగ్ దగ్గర ఉత్తరానికి తిరగాలి. పోటు వేళ చూసుకుని వెళ్లడం మంచిది. దెమాక్ జామా మసీదు, కడిలంగు చూడాలనుకునేవారు అదే రోజు వీటిని కూడా కలుపుకోవచ్చు. ఊళ్లోకి వెళితే అది జనం ఉండే చోటు అని గుర్తుంచుకోవాలి. చెక్క బాటలు ఇళ్ల గుమ్మాల ముందు నుంచే పోతాయి. సలాం చెప్పి, అడిగి ఫోటో తీసుకోవడం మర్యాద.

ఒక్క చూపులో

దేశం: ఇండోనేషియా, జావా ద్వీపం
రాష్ట్రం: మధ్య జావా
జిల్లా, మండలం: దెమాక్, సాయుంగ్
దగ్గరి మహానగరం: సెమరాంగ్
మతం: ఇస్లాం, ఎక్కువగా నహ్దతుల్ ఉలమా సంప్రదాయం
భాష: జావనీస్, ఇండోనేషియన్
ఒకప్పటి వృత్తి: వరి, కొబ్బరి, చేపల, రొయ్యల చెరువులు
ఇప్పటి వృత్తి: చేపలు, పీతలు, ఆల్చిప్పలు, ఫ్యాక్టరీ పని
ప్రధాన సమస్య: నేల కుంగడం, కొన్నిచోట్ల ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా; రోబ్ ముంపు
తేలని విషయం: మునిగిన భూమి మీద హక్కు, తరలింపు